మందు కొట్టిన చొక్కా

వియత్నాం యుద్ధంలో అమెరికా విమానాలు 1962 నుంచి 1971 దాకా అడవుల మీద కలుపు మందులు చల్లాయి. వాటిలో ఎక్కువగా చల్లింది ఏజెంట్ ఆరెంజ్. అందులో సగం 2,4-డి. కూచిపూడి చుట్టుపక్కల వరి రైతులు ఆ పేరు వినే ఉంటారు. రెండో సగమైన 2,4,5-టి తయారీలో పుట్టిన డయాక్సిన్ అనే మలినమే అసలు విషం. అది ఒంటి కొవ్వులో చేరితే ఏళ్ల తరబడి పోదు.

ఆ సైనికుల పిల్లల్లో కొందరు వెన్ను మూసుకోకుండా, స్పైనా బైఫిడాతో పుట్టారు. తండ్రి ఒంట్లోని విషం బిడ్డను తాకుతుందా అన్న వాదన ఇంకా తెగలేదు. అయినా ఆ బిడ్డలకు భృతి, వైద్యం ఇవ్వాలని అమెరికా 1996లో చట్టం చేసింది. మందు పడిన వియత్నాం పల్లెల పిల్లలకు మాత్రం ఆ చట్టం వర్తించలేదు! తేలేదాకా ఆగకుండా ఆదుకోవడం మాకు నచ్చిన సంగతి.

మన కూలీలు చేతికి తొడుగు లేకుండానే మందు కొడతారు. మోనోక్రోటోఫాస్ వంటివి చర్మం గుండానే ఒంట్లోకి పోతాయి. ఆ చొక్కాతోనే ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకుంటారు. చొక్కా విడిచి, స్నానం చేశాకే పిల్లల్ని తాకాలి. ఆ బట్టలు విడిగా ఉతకాలి.

ఇంకొకటి. బిడ్డ వెన్ను గర్భం వచ్చిన మొదటి నెలలోనే మూసుకుంటుంది. ఫోలిక్ యాసిడ్ మాత్ర మూడో నెలలో మొదలుపెడితే ఆలస్యమే. పెళ్లయిన నాటి నుంచే వేసుకోవాలి. దాతల సొమ్ములో కొంత ఈ మాత్రలకూ, చేతి తొడుగులకూ కేటాయించాలని మా కోరిక.