పెల్లెట్ గ్రిల్ కొనాలా, వద్దా? మాదన్నపేట డాబా మీద వేసిన లెక్క

రెండు నెలలుగా నా ఫోన్‌లో ఒక ట్యాబ్ క్లోజ్ చేయలేదు. అందులో ఉన్నది కొత్త ఫోన్ కాదు, ల్యాప్‌టాప్ కూడా కాదు. పెల్లెట్ గ్రిల్. దీనికి వైఫై ఉంటుంది, యాప్ ఉంటుంది, ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు కూడా వస్తాయి. చేసే పని మాత్రం ఒక్కటే, మాంసం కాల్చడం. గ్యాడ్జెట్ అనడానికి ఇంకేం కావాలి?

సరదా కోసమే అయితే ఇంత ఆలోచించేవాణ్ణి కాదు. మా ఇంట్లో ఆదివారం అంటే నాన్నది. పొద్దున్నే మాదన్నపేట మండీకి పోయి పుదీనా, కొత్తిమీర, నిమ్మకాయలు తెస్తాడు. సాయంత్రం డాబా మీద సిగిడీ అంటించి మటన్ ముక్కలు సీకులకు గుచ్చి కాలుస్తాడు. పోయిన చలికాలం నుంచి ఆయనకు ఆయాసం మొదలైంది. పొగకు దూరంగా ఉండాలని డాక్టర్ గట్టిగా చెప్పారు. అప్పటి నుంచి సిగిడీ మెట్ల కింద మూలకు చేరింది. ఆదివారాలు టీవీ ముందు గడుస్తున్నాయి.

ఈసారి బోనస్ వచ్చినప్పుడు 80,000 రూపాయలు పక్కన పెట్టా. ఆలోచన సింపుల్: నాన్న కింద గదిలో కూర్చుని ఫోన్‌లో టెంపరేచర్ సెట్ చేస్తాడు, పైన మెషీన్ కాలుస్తుంది. ఇది నిజంగా వర్కవుట్ అవుతుందా? ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

పెల్లెట్ గ్రిల్ పుట్టింది అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో. మౌంట్ ఏంజెల్ అనే ఊళ్లో జో ట్రేగర్ అనే ఆయన 1980ల మధ్యలో దీన్ని తయారు చేశారు. 1986లో పేటెంట్ వచ్చింది. 2006లో ఆ పేటెంట్ గడువు ముగిశాక మిగతా కంపెనీలన్నీ రంగంలోకి దిగాయి.

లోపల ఉన్నది చాలా తక్కువ. పక్కన ఒక హాపర్, అంటే పెల్లెట్లు పోసే డబ్బా. దాని కింద మరలాంటి ఆగర్. మోటారు ఆ ఆగర్‌ని తిప్పితే పెల్లెట్లు కొద్దికొద్దిగా నిప్పుగిన్నెలోకి పడతాయి. అక్కడ ఒక హీటింగ్ రాడ్ వాటిని అంటిస్తుంది, ఫ్యాన్ గాలి ఊదుతుంది. నిప్పుకీ మాంసానికీ మధ్య ఒక స్టీల్ ప్లేట్ అడ్డుగా ఉంటుంది. అంటే మంట నేరుగా తగలదు, వేడిగాలి చుట్టూ తిరుగుతుంది. ఒక రకంగా కట్టెలతో నడిచే కన్వెక్షన్ ఓవెన్ అనుకోండి.

బ్రెయిన్ మాత్రం కంట్రోలర్. మంచి మోడళ్లలో పీఐడీ ఉంటుంది. బీటెక్‌లో కంట్రోల్ సిస్టమ్స్ చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. టార్గెట్‌కి ఇప్పుడు ఎంత దూరంలో ఉన్నాం, ఆ తేడా ఎంతసేపటి నుంచి ఉంది, ఎంత వేగంగా మారుతోంది, ఈ మూడూ చూసి పెల్లెట్లు ఎంత వేయాలో తేలుస్తుంది. త్రీడీ ప్రింటర్ నాజిల్ వేడిని పట్టి ఉంచేదీ ఇదే లాజిక్.

డాలస్‌లో గ్రిల్, మాదన్నపేటలో యాప్

కొనకుండా టెస్ట్ చేయడం ఎలా? డాలస్ దగ్గర ఉండే మా బావకి ఇది ఉంది. ఒక వీకెండ్ తన యాప్ లాగిన్ నాకిచ్చాడు. అక్కడ శనివారం ఉదయం 9, ఇక్కడ సాయంత్రం 7:30. మేక తొడ మసాలా పట్టించి లోపల పెట్టింది బావ, కంట్రోల్ అంతా నాది. నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని 110 డిగ్రీలు సెట్ చేశా.

టెక్నాలజీ పరంగా వంక పెట్టడానికి ఏమీ లేదు. గ్రాఫ్ కొన్ని డిగ్రీలు అటూఇటూగా నిలబడింది. బావ మూత తీసినప్పుడు ఒక్కసారిగా పడిపోయి, కాసేపట్లోనే మళ్లీ లైన్‌లోకి వచ్చింది. మాంసంలో గుచ్చిన ప్రోబ్ రీడింగ్ మెల్లగా ఎక్కుతోంది. నేను మురిసిపోతున్నా. నాన్న పదిహేను నిమిషాలు చూసి అన్నాడు:

"కాలుతున్నది ఆడ, వాసన ఈడ రాదు. ఇంకేం మజారా ఇది?"

"డాడీ, మనింట్లో పెడితే వాసన వస్తది."

"వాసన వస్తే పొగ గూడ వస్తది గద బిడ్డా."

ఆ ఒక్క మాటతో నా రెండు నెలల రీసెర్చ్‌లో ఉన్న బగ్ బయటపడింది. అదేంటో తర్వాత చెప్తా. ముందు మిగతా లెక్కలు.

కరెంట్ లెక్క: బిల్లు సమస్య కాదు, వోల్టేజ్ సమస్య

స్టార్ట్ అయ్యేటప్పుడు హీటింగ్ రాడ్ వల్ల సుమారు 300 వాట్లు తీసుకుంటుంది, అది కొన్ని నిమిషాలే. తర్వాత మోటారు, ఫ్యాన్, కంట్రోలర్ కలిపి 50 వాట్ల దగ్గర ఉంటుంది. ఆరు గంటలు నడిపినా అర యూనిట్ దాటదు.

అసలు చిక్కు వేరే. అమెరికా మోడల్ 120 వోల్ట్, 60 హెర్ట్జ్. మనది 230 వోల్ట్, 50 హెర్ట్జ్. నేరుగా మన ప్లగ్‌లో పెడితే రాడ్ మీద పవర్ వోల్టేజ్ వర్గం లెక్కన పెరుగుతుంది. అంటే 300 వాట్ల రాడ్ 1,100 వాట్లు లాగే ప్రయత్నం చేసి కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజ్‌ని సరిచేస్తుంది కానీ హెర్ట్జ్‌ని మార్చదు. ఏసీ సింక్రోనస్ మోటారు ఉన్న గ్రిల్ అయితే ఆగర్ ఆరింట ఐదొంతుల స్పీడ్‌తోనే తిరుగుతుంది. డీసీ మోటారు మోడళ్లకు ఆ బాధ లేదు. యూరప్, ఆస్ట్రేలియా మార్కెట్ల కోసం చేసిన 230 వోల్ట్ మోడళ్లు మనకు ఇంకా బెటర్.

ఇంకో విషయం, కరెంట్ పోవడం. మధ్యలో పవర్ కట్ అయితే ఫ్యాన్ ఆగుతుంది, నిప్పు మాత్రం ఆగదు. ఆగర్‌లో ఉన్న పెల్లెట్ల వెంట నిప్పు వెనక్కి పాకి హాపర్ దాకా వెళ్లే ప్రమాదం ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా దాని లైన్ డాబా దాకా లాగి ఉండాలి. మా ఇంట్లో లేదు.

పెల్లెట్లు: ఇక్కడే అసలు బ్రేక్

పెల్లెట్ అంటే రంపపు పొట్టుని గట్టిగా నొక్కి చేసిన, సుమారు 6 మిల్లీమీటర్ల మందం ఉన్న గుళిక. చెక్కలో ఉండే లిగ్నిన్ వేడికి మెత్తబడి అంటుకుంటుంది కాబట్టి జిగురు అక్కర్లేదు. తక్కువ వేడిలో గంటకు అర కిలో, ఎక్కువ వేడిలో కిలో పైనే ఖర్చవుతాయి. నెలకు నాలుగు ఆదివారాలు, ఒక్కోసారి ఆరు గంటలు అనుకుంటే 12 నుంచి 16 కిలోలు. అమెరికాలో అమ్మే 9 కిలోల బస్తాలు దాదాపు రెండు.

మన దేశంలోనూ పెల్లెట్లు దొరుకుతాయి, చవకే. కానీ అవి ఫ్యాక్టరీ బాయిలర్ల కోసం చేసినవి. అందులో వేరుశనగ పొట్టు ఉండొచ్చు, పంట వ్యర్థాలు ఉండొచ్చు, రంగు వేసిన ఫర్నిచర్ చెక్క పొట్టు కూడా ఉండొచ్చు. ఆ పొగ పట్టిన మాంసం తినకూడదు. ఫుడ్ గ్రేడ్ పెల్లెట్లు బయటి నుంచి తెప్పించుకోవాలంటే బరువు మీద షిప్పింగ్ కట్టాలి. ప్రింటర్ కొన్నాక ఇంక్ కోసం ఏడ్చే బ్యాచ్‌కి ఈ ఫీలింగ్ తెలుసు.

పైగా వానాకాలం. పెల్లెట్‌కి తేమ తగిలితే ఉబ్బి మళ్లీ పొట్టు అయిపోతుంది, ఆగర్ జామ్ అవుతుంది. డాబా మీద మెషీన్, జూలై నుంచి సెప్టెంబర్ దాకా వానలు. అర్థమైంది కదా.

మన వంటకు సెట్ అవుతుందా?

ఇది అమెరికా బార్బెక్యూ కోసం పుట్టిన మెషీన్. వాళ్ల బ్రిస్కెట్ లాంటి గట్టి మాంసాన్ని 110 డిగ్రీల దగ్గర పది గంటలకు పైగా ఉంచితే అందులోని కొల్లాజెన్ కరిగి మెత్తబడుతుంది. ఇది మనకు కొత్త సూత్రం కాదు. రంజాన్ నెలలో ఓల్డ్ సిటీ భట్టీల్లో గంటల తరబడి హలీమ్ ఉడికేదీ ఇలాగే. 2010లో జీఐ ట్యాగ్ తెచ్చుకున్న వంటకం అది, ఏ యాప్ లేకుండానే.

మా ఇంటి సీకుల కథ దీనికి రివర్స్. చిన్న ముక్కలు, ఎర్రటి నిప్పులు, పది పన్నెండు నిమిషాల పని. బయట కాస్త మాడాలి, లోపల రసం ఉండాలి. వేడెక్కిన నల్లరాయి మీద చేసే పత్థర్ కా గోష్త్ కూడా అంతే, నేరుగా తగిలే వేడి కావాలి. చాలా పెల్లెట్ గ్రిల్స్ 230 నుంచి 260 డిగ్రీల దగ్గర ఆగిపోతాయి, మధ్యలో ప్లేట్ అడ్డం. సీకులు ఉడుకుతాయి కానీ ఆ మాడు రాదు. మొత్తం కోడి, మేక తొడ లాంటి పెద్దవాటికి మాత్రం ఇది సూపర్.

పొగ: నాన్న పట్టుకున్న బగ్

ఫ్యాన్ ఉండటం, పెల్లెట్ పొడిగా ఉండటం వల్ల మామూలు కట్టెల మంట కంటే పెల్లెట్ క్లీన్‌గా మండుతుంది. ఇది నిజం. కానీ దీన్ని కొనేదే పొగ రుచి కోసం. తక్కువ వేడిలో అది కావాలనే పొగ పెడుతుంది, అదీ గంటల తరబడి. కట్టె పొగలో పీఎం 2.5 కణాలు, కార్బన్ మోనాక్సైడ్ ఉంటాయి. రోజు సగటున పీఎం 2.5 క్యూబిక్ మీటరుకు 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. మన దేశ ప్రమాణం 60.

డాలస్‌లో బావ వాళ్ల పెరడుకీ పక్కింటికీ మధ్య బోలెడంత ఖాళీ. మాదన్నపేటలో గోడకి గోడ ఆనుకుని ఉంటుంది. మా డాబా నుంచి చెయ్యి చాపితే పక్కింటి ఖాలా బట్టలు ఆరేసే తీగ అందుతుంది. సిగిడీ పొగ అరగంట అయితే "ఏం బేటా, కబాబా?" అని నవ్వుతుంది. ఆరు గంటలు అయితే నవ్వదు. ఇక నాన్న ఉండేది సరిగ్గా డాబా కింది గదిలో. కిటికీ మెట్ల వైపే.

చేతికి పని తగ్గించే మెషీన్ చూస్తూ, ఊపిరికి పని తగ్గించే మెషీన్ అనుకున్నా. రెండూ ఒకటి కాదు.

డబ్బు, మెట్లు

వైఫై ఉన్న మంచి మోడల్ అమెరికాలో 800 డాలర్ల దగ్గర ఉంటుంది. షిప్పింగ్, కస్టమ్స్ సుంకం కలపకముందే నా బడ్జెట్‌లో ఎక్కువ భాగం అక్కడే ఖతం. బరువు 50, 60 కిలోలు. మా మెట్లు ఒక మనిషి ఎక్కేంత వెడల్పే. చెడిపోతే పార్ట్స్ ఎవరిస్తారన్నది ఇంకో ప్రశ్న.

మరి నేనేం చేశా?

పెల్లెట్ గ్రిల్‌లో నాకు నిజంగా నచ్చినవి రెండు: ప్రోబ్, కంట్రోలర్. ఆ రెండూ విడిగా దొరుకుతాయి.

మాంసంలో గుచ్చే వైర్‌లెస్ థర్మామీటర్ తీసుకోవచ్చు. మీటర్ అనే బ్రాండ్ ఈ కేటగిరీలో బాగా పాపులర్, 2021లో దాన్ని ట్రేగర్ కంపెనీయే కొనేసింది. చికెన్ లోపల 74 డిగ్రీలు దాటితే సేఫ్ అని నంబర్ చూసి చెప్పొచ్చు. ఇంకా చవగ్గా కావాలంటే ఈఎస్‌పీ 32 బోర్డు, కే టైప్ థర్మోకపుల్, మ్యాక్స్ 6675 మాడ్యూల్. కోఠి గుజరాతీ గల్లీలో ఒక చక్కర్ కొడితే చాలు. దానికి చిన్న బ్లోవర్ ఫ్యాన్ తగిలిస్తే బొగ్గు గ్రిల్ కూడా పీఐడీతో నడుస్తుంది. హీటర్‌మీటర్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ ఎన్నో ఏళ్ల కిందే ఇది చేసి చూపించింది. డబ్బాతో సొంతంగా గ్రిల్ చేసుకునేవాళ్లకు ఒక్క మాట: జింక్ పూత ఉన్న డబ్బా వాడొద్దు, వేడికి వచ్చే ఆవిరి ప్రమాదం. రేకుల షెడ్డు మూసి ఉంటే లోపల అసలే వెలిగించొద్దు.

నేను బోర్డు రూట్‌లో వెళ్లా. పోయిన ఆదివారం ఫస్ట్ రన్. కింద వంటింట్లో నాన్న మసాలా కలిపి ముక్కలు గుచ్చాడు. మెట్ల తలుపు, కిటికీ మూసేశాం. బొగ్గు పూర్తిగా ఎర్రబడ్డాకే సీకులు పెట్టా, ఎందుకంటే అంటించేటప్పుడే పొగ ఎక్కువ. కాల్చే పని మొత్తం నాది. నాన్న కింద ఫోన్‌లో రీడింగ్ చూస్తూ వీడియో కాల్‌లో ఆర్డర్లు.

"తిప్పురా. ఇంకో దిక్కు. అరే, నంబర్ జూడకు, ముక్కను జూడు."

మొదటి రెండు సీకులు మాడ్చా. మూడోది తిని ఏమీ అనలేదు, నాలుగోది తీసుకున్నాడు.

ఫైనల్ తీర్పు

కొనొచ్చు: చుట్టూ ఖాళీ ఉన్న ఇల్లు, బ్యాకప్ ఉన్న కరెంట్ లైన్, తడి తగలని షెడ్డు, ఫుడ్ గ్రేడ్ పెల్లెట్ల సప్లై, పెద్ద మాంసం ముక్కలు గంటల తరబడి కాల్చే అలవాటు. ఈ ఐదూ ఉంటే హ్యాపీగా తీసుకోండి. 230 వోల్ట్ మోడలే చూడండి.

వద్దు: గోడకి గోడ ఆనుకున్న ఇల్లు, సీకులే మెయిన్ ఐటమ్, లేదా ఇంట్లో ఆయాసం ఉన్నవాళ్లు ఉంటే అస్సలు వద్దు. ఆఖరి కేసులో ఏ గ్రిల్ అయినా సరే, ముందు డాక్టర్‌ని అడగండి. నాన్నను మళ్లీ డాబా ఎక్కించాలా అని నేను కూడా వచ్చే చెకప్‌లో అడుగుతా. అప్పటిదాకా ఆయన సీటు కిందే.

80,000లో ఖర్చయింది కొంచెమే. మిగతాది అలాగే ఉంది. ఆ ట్యాబ్ మాత్రం క్లోజ్ చేశా.