బడికి సెలవు ఎందుకు?

మనము డిసెంబరు 25న క్రిస్మస్ ఆచరించుచున్నాము. ఆర్మేనియా సంఘమువారు ప్రభువు జన్మమును, బాప్తిస్మమును కలిపి జనవరి 6న ఆచరింతురు. ఇది ఆదిసంఘ కాలమునాటి వాడుక.

వారికి మరియొక దినము ఏప్రిల్ 24. 1915లో ఒట్టోమన్ తురుష్క ప్రభుత్వము ఆ దినమున వారి పెద్దలను బంధించెను. తరువాత లక్షలాది మందిని ఇండ్లనుండి వెళ్లగొట్టి, ఎడారి దారిని నడిపించి చంపించెను. మిగిలినవారు దేశదేశములకు చెదరిపోయిరి.

అమెరికాలో, కాలిఫోర్నియాలోని గ్లెండేల్ పట్టణమున ఆర్మేనీయులు అధికము. ఈ రెండు దినములలో అక్కడి తల్లిదండ్రులు అనేకులు పిల్లలను బడికి పంపేవారు కారు. నేడు ఏప్రిల్ 24న ఆ పట్టణపు ప్రభుత్వ బడులకు సెలవు. 2019లో అమెరికా ఉభయసభలు ఆ హత్యలను జాతి సంహారమని తీర్మానించెను. 2022లో కాలిఫోర్నియా చట్టము ఏప్రిల్ 24ను స్మారక దినముగా నిర్ణయించి, రాష్ట్రములోని ప్రభుత్వ బడులు మూయుటకు వీలు కల్పించెను.

ప్రభుత్వము సెలవు ఇచ్చినది తరువాత. ఇంటివారు దినమును కాపాడినది ముందు. అయితే బడి ఎందుకు మూసిరని బిడ్డ అడిగినప్పుడు చెప్పువారు లేకపోతే, అది వట్టి ఆటల దినమే. గిల్గాలులో పండ్రెండు రాళ్లు నిలిపినది బిడ్డలు అడుగుటకే గదా! మన పండుగల సంగతి మన బిడ్డలకు ఎవరు చెప్పుచున్నారు?