దీపిక పెళ్ళింటికి పిల్లలతో పోదామా?

దీపికా పదుకోణ్, రణ్‌వీర్ సింగ్‌ల పెళ్ళి 2018 నవంబరులో ఎక్కడ జరిగిందో గుర్తుందా? ఉత్తర ఇటలీలో, లొంబార్డీ ప్రాంతపు కోమో సరస్సు ఒడ్డున, విల్లా దెల్ బాల్బియానెల్లోలో! జేమ్స్‌బాండ్ ‘కాసినో రాయల్’ (2006)లో కనిపించేదీ ఈ భవంతే.

అమ్మానాన్నలకి ఫోటోల సరదా సరే, మరి పిల్లలకో? దీని ఆఖరి యజమాని గ్విదో మోంజినో 1973లో ఇటలీ తరఫున ఎవరెస్టు యాత్ర నడిపించిన ఘనుడు. ఆయన సాహసయాత్రల మ్యూజియం లోపలే ఉంది. పిల్లలు అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు!

మిలాన్ నుంచి కోమోకి రైల్లో గంట లోపే. ముందు తాడు రైలెక్కి 7 నిమిషాల్లో బ్రునాతే కొండ చూసొచ్చి, లెన్నోకి పడవెక్కండి. సాధారణంగా సోమ, బుధవారాలు భవంతికి సెలవు, జాగ్రత్త.

మిలాన్‌లోనా? డువోమో చర్చి కప్పు మీద పాలరాతి శిఖరాల మధ్య తిరగొచ్చు, లిఫ్టు కూడా ఉంది. లియొనార్డో ‘లాస్ట్ సప్పర్’కి టికెట్ చాలా ముందే కొనాలి. తీరా లోపలుండనిచ్చేది 15 నిమిషాలే. చంటిపిల్లలుంటే అది మానేసినా నష్టం లేదంటాను. ఆ పూట కూడా సరస్సుకే ఇవ్వండి. తిరుగు పడవ వేళ మాత్రం దిగగానే రేవులో చూసుకోండి.