చేపల తూకపు కాంటా

చేపల తూకపు కాంటా అనగా చెరువులలో, జలాశయాలలో, నదులలో పట్టిన చేపలను అమ్మేటప్పుడు లేదా పంచుకునేటప్పుడు వాటి బరువు తెలుసుకోవడానికి వాడే సాధనం. త్రాసు, తక్కెడ, తరాజు అనేవి దీనికి ఇతర పేర్లు. తెలంగాణలో తూచడాన్ని "జోకడం" అని, కాంటాపై తూకం వేయించడాన్ని "కాంటా పెట్టడం" అని అంటారు. పూర్వపు వరంగల్ జిల్లా నుండి ప్రధానంగా ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలలో చేపల వేటపై ఆధారపడిన కుటుంబాల రాబడి కిలోల లెక్క మీదనే నిర్ణయమవుతుంది. కనుక కాంటా ఎంత సూక్ష్మంగా తూచాలి, ఎంత నిజంగా తూచాలి అనే ప్రశ్న వీరికి ముఖ్యమైనది. ఈ రెండూ ఒకటి కావు.

నేపథ్యం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న జిల్లాలుగా ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుండి ములుగు జిల్లాను వేరుచేయడంతో రామప్ప, లక్నవరం చెరువులు ములుగు పరిధిలోకి వెళ్ళాయి. భూపాలపల్లి జిల్లాలో కాకతీయుల కాలపు గణపసముద్రం, కాళేశ్వరం వద్ద ప్రాణహిత కలిసే గోదావరి ముఖ్యమైన జలవనరులు. మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం పెద్దచెరువు ప్రసిద్ధమైనది. గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించిన బయ్యారం శాసనం కాకతీయుల వంశావళిని తెలిపే ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. మెట్టప్రాంతమైన జనగామలో దేవాదుల ఎత్తిపోతల పథకం క్రింద నిర్మించిన స్టేషన్ ఘన్‌పూర్ వంటి జలాశయాలు చేపల పెంపకానికి కూడా ఉపయోగపడుతున్నాయి.

ఈ ప్రాంతంలో చేపల వేట ప్రధానంగా ముదిరాజ్, గంగపుత్ర (బెస్త) కులాలవారి వృత్తి. గ్రామాలలోని మత్స్య సహకార సంఘాలు చెరువులపై హక్కు పొంది, చేపపిల్లలను వదలి, నీరు తగ్గిన తరువాత చేపలు పడతాయి. బొచ్చె, రవ్వ (రోహు), మోసు, బంగారుతీగ, తెలంగాణ రాష్ట్ర చేప అయిన కొర్రమీను ఇక్కడ సాధారణంగా దొరికే రకాలు. పట్టిన చేపను చాలావరకు చెరువు కట్ట మీదనే వ్యాపారికి తూచి ఇస్తారు. నెలల తరబడి పెరిగిన చేపకు లెక్క కట్టేది ఆ కొన్ని గంటలలోనే. చేప త్వరగా చెడిపోయే సరుకు కావడం వలన, తూకం నచ్చకపోయినా అమ్మేవాడు ఎక్కువసేపు ఆగలేడు.

కాంటాలలో రకాలు

తక్కెడ: రెండు పళ్ళాలు, దండి, మధ్యలో ముల్లు గల సాధనం. ఒక పళ్ళెంలో రాళ్ళు, మరొక పళ్ళెంలో సరుకు వేసి రెండింటినీ సరిపోలుస్తుంది. దీనికి విద్యుత్తు అవసరం లేదు. దండి చేతుల పొడవులో తేడా ఉంటే తూకం తప్పుతుంది. తెలుగులో తూకపు మోసానికి "దండి కొట్టడం" అనే పేరు వచ్చింది ఈ దండి వలననే.

స్ప్రింగు కాంటా: కొక్కేనికి వేలాడదీసిన బరువుకు స్ప్రింగు సాగి, ముల్లు అంకెల మీద కదులుతుంది. తేలికైనది, చౌకైనది. వాడుకలో స్ప్రింగు బలహీనపడటం, తుప్పు పట్టడం దీని లోపాలు.

ఎలక్ట్రానిక్ కాంటా: ఇందులో లోడ్ సెల్ అనే లోహపు భాగం బరువుకు అతి స్వల్పంగా వంగుతుంది. దానికి అతికించిన సన్నని తీగల విద్యుత్ నిరోధం మారుతుంది. ఆ మార్పును యంత్రం అంకెలుగా చూపుతుంది. బల్లపై పెట్టేవి, నేలపై ఉంచే ప్లాట్‌ఫారం కాంటాలు, వేలాడదీసేవి అని ఇవి మూడు విధాలు.

తక్కెడ ఒక బరువును మరొక బరువుతో పోల్చుతుంది కనుక ఏ ఊరిలోనైనా ఒకే ఫలితం ఇస్తుంది. స్ప్రింగు, ఎలక్ట్రానిక్ కాంటాలు భూమ్యాకర్షణ బలాన్ని కొలుస్తాయి. ఆ బలం అన్నిచోట్ల సమానంగా ఉండదు. గురుత్వ త్వరణం ప్యారిస్‌లో సెకనుకు సెకనుకు సుమారు 9.81 మీటర్లు కాగా, తెలంగాణలో సుమారు 9.78 మీటర్లు. ప్యారిస్‌లో సరిచేసిన కాంటాను ఇక్కడ అలాగే వాడితే 20 కిలోల గంపకు సుమారు 50 గ్రాములు తక్కువ చూపుతుంది. అందువలన ఎలక్ట్రానిక్ కాంటాను వాడే ప్రాంతంలోనే ప్రామాణిక రాళ్ళతో సరిచేయించాలి.

సూక్ష్మత, ఖచ్చితత్వం

కాంటా చూపగల అతిచిన్న తేడాను సూక్ష్మత అనవచ్చును. చూపిన బరువు అసలు బరువుకు ఎంత దగ్గరగా ఉన్నదో తెలిపేది ఖచ్చితత్వం. ఒక గ్రాము వరకు అంకెలు చూపే కాంటా ప్రతి గంపకు 200 గ్రాములు తప్పు చూపవచ్చును. పది గ్రాముల చొప్పున మాత్రమే చూపే కాంటా నిజం చెప్పవచ్చును.

ఉదాహరణకు ఒక సంఘం 1,000 కిలోల చేపను 20 కిలోల చొప్పున 50 గంపలుగా తూచి, కిలో 100 రూపాయలకు అమ్మినదనుకుందాం.

1. కాంటా 5 గ్రాముల చొప్పున చూపుతుంది. ప్రతి గంపకు సవరింపు వలన వచ్చే తేడా 2.5 గ్రాములకు మించదు. యాభై తేడాలూ ఒకే వైపు వచ్చినా మొత్తం 125 గ్రాములు, అనగా 12 రూపాయల 50 పైసలు. వాస్తవంలో కొన్ని ఎక్కువగా, కొన్ని తక్కువగా వచ్చి ఒకదానినొకటి చాలావరకు కొట్టివేస్తాయి.

2. కాంటా సున్న వద్ద నిలవక 200 గ్రాములు తక్కువ చూపుతుంది. ఈ తప్పు ప్రతిసారి ఒకే వైపు పడుతుంది. నష్టం 10 కిలోలు, అనగా 1,000 రూపాయలు.

3. కాంటా అంతటా నూటికి రెండు వంతులు తక్కువ చూపుతుంది. నష్టం 20 కిలోలు, అనగా 2,000 రూపాయలు.

4. కాంటా సరిగానే ఉన్నది, కాని వ్రాసేవారు అర కిలోకు లోపు వచ్చిన గ్రాములను వదిలేస్తున్నారు. గంపకు సగటున పావు కిలో చొప్పున సుమారు 12.5 కిలోలు, అనగా 1,250 రూపాయల నష్టం.

దీనిని బట్టి రెండు విషయాలు తెలుస్తాయి. ఒకే వైపు పడే తప్పు చిన్నదైనా గంపగంపకు పోగవుతుంది. అటూఇటూ పడే తప్పు పోగవదు. అలాగే కాంటా ఎంత సూక్ష్మమైనదైనా, ఆ అంకె లెక్క పుస్తకంలోకి రాకపోతే దాని వలన ప్రయోజనం లేదు.

చట్టం, తరగతులు

తూనికలపై ప్రభుత్వ తనిఖీ ప్రాచీనమైనది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో తూనికలు కొలతలను చూసే పౌతవాధ్యక్షుడనే అధికారి ప్రస్తావన, వాటిని నాలుగు నెలలకొకసారి పరీక్షించి ముద్ర వేయాలనే నియమం ఉన్నాయి. మెట్రిక్ తూనికలకు ముందు ఈ ప్రాంతంలో సేరు (80 తులాలు, సుమారు 933 గ్రాములు), మణుగు వాడుకలో ఉండేవి. 1956 నాటి చట్టాన్ని అనుసరించి 1958 అక్టోబరు నుండి దేశంలో కిలోగ్రాము తూనికలు అమలులోకి రావడం మొదలైనది.

ప్రస్తుతం 2009లో చేసిన లీగల్ మెట్రాలజీ చట్టం అమలులో ఉన్నది. ఇది 2011 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది. వ్యాపారానికి వాడే ప్రతి కాంటా ఆమోదం పొందిన నమూనాకు చెందినదై, తూనికలు కొలతల శాఖ ముద్ర కలిగి ఉండాలి. 2011 నాటి నియమాల ప్రకారం రాళ్ళు, తక్కెడలను 24 నెలలకొకసారి, ఎలక్ట్రానిక్ కాంటాలను 12 నెలలకొకసారి తిరిగి ముద్ర వేయించుకోవాలి.

కాంటాలను ఖచ్చితత్వాన్ని బట్టి నాలుగు తరగతులుగా విభజించారు. చేపల వ్యాపారంలో సాధారణంగా కనిపించేది మూడవ తరగతి. కాంటాకు అతికించిన పలకపై గరిష్ఠ బరువు, కనిష్ఠ బరువు, తనిఖీ విభాగం ("ఇ" అనే ఆంగ్ల అక్షరం పక్కన ఉండేది) వ్రాసి ఉంటాయి. గరిష్ఠం 30 కిలోలు, తనిఖీ విభాగం 5 గ్రాములు గల మూడవ తరగతి కాంటాకు ముద్ర వేసేటప్పుడు అనుమతించే తేడాలు ఇవి:

2.5 కిలోల వరకు: 2.5 గ్రాములు
2.5 నుండి 10 కిలోల వరకు: 5 గ్రాములు
10 నుండి 30 కిలోల వరకు: 7.5 గ్రాములు

వాడుకలో ఉన్న కాంటాను తనిఖీ చేసినప్పుడు దీనికి రెండింతల వరకు అనుమతిస్తారు. అనగా 20 కిలోల గంపకు 15 గ్రాములు. తడి గంప నుండి కారే నీరు దీనికంటే ఎక్కువ ఉండవచ్చును. కనుక గంపల తూకానికి ఇంతకంటే సూక్ష్మమైన కాంటా అవసరం లేదు. అయితే ఇదే కాంటాకు కనిష్ఠ బరువు 100 గ్రాములు. అంతకంటే తక్కువ సరుకును దీనిపై తూచరాదు.

అవసరాన్ని బట్టి ఎంపిక

చెరువు కట్ట మీద టోకు అమ్మకం: 50 లేదా 100 కిలోల ప్లాట్‌ఫారం కాంటా అనుకూలం. 10 లేదా 20 గ్రాముల విభాగం సరిపోతుంది. నీటి తుంపరలను, తేమను తట్టుకునేది తీసుకోవాలి. పరికరంపై ఐపీ 65 అని ఉంటే నీటి ధారను, ఐపీ 67 అని ఉంటే ఒక మీటరు లోతు నీటిలో కొద్దిసేపు మునగడాన్ని తట్టుకుంటుందని అర్థం. బ్యాటరీతో పనిచేయడం అవసరం.

చిల్లర అమ్మకం: కిలో, అర కిలో అమ్మే చోట 5 గ్రాములు లేదా అంతకంటే చిన్న విభాగం గల కాంటా ఉండాలి. అంకెలు కొనేవారికి కూడా కనిపించేలా రెండు వైపులా తెర ఉండటం మంచిది. కొర్రమీను వంటి ఖరీదైన చేపకు చిన్న తేడా కూడా ధరలో కనిపిస్తుంది. పొలుసు, పేగులు తీసిన తరువాత చేప బరువు గణనీయంగా తగ్గుతుంది. అందువలన ధర శుభ్రం చేయకముందు బరువుకా, తరువాతి బరువుకా అనేది ముందే మాట్లాడుకోవాలి.

చేపపిల్లల లెక్క: తెలంగాణ ప్రభుత్వం 2016-17లో ఉచిత చేపపిల్లల పంపిణీ ప్రారంభించినప్పటి నుండి చెరువులకు 35-40 మిల్లీమీటర్లు, జలాశయాలకు 80-100 మిల్లీమీటర్ల పిల్లలను కేటాయించారు. మొదటి రకం పిల్ల సుమారు అర గ్రాము మాత్రమే ఉంటుంది. కొన్ని పిల్లలను తూచి, ఆ సగటుతో మొత్తం సంఖ్యను అంచనా వేయాలంటే ఒక గ్రాము లేదా అంతకంటే సూక్ష్మంగా చూపే చిన్న కాంటా కావాలి. సూక్ష్మత నిజంగా అవసరమయ్యేది ఇక్కడే.

పెరుగుదల అంచనా: మేత మోతాదు నిర్ణయించడానికి కొన్ని చేపలను పట్టి సగటు బరువు చూస్తారు. ఒక చేపకు, మరొక చేపకు ఉండే తేడాయే ఎక్కువ కనుక, సూక్ష్మమైన కాంటాకంటే ఎక్కువ చేపలను తూచడం మేలు.

సరదా వేట: గాలపు వేటలో చిన్న వేలాడే కాంటాలు వాడతారు. ప్రపంచ రికార్డులను నమోదు చేసే అంతర్జాతీయ గేమ్ ఫిష్ అసోసియేషన్ (1939లో స్థాపితం) కూడా 12 నెలల లోపు ధ్రువీకరించిన కాంటా తూకాన్నే కోరుతుంది. ముద్ర లేని ఇటువంటి చేతి కాంటాలను వ్యాపారానికి వాడరాదు.

తూకానికి ముందు పరీక్షలు

1. కాంటాను గట్టి, చదునైన చోట ఉంచి, అందులోని నీటి బుడగ మధ్యలో ఉండేలా కాళ్ళను సరిచేయాలి. కట్ట వాలుగా ఉంటే క్రింద పలక వేయాలి. గాలి బలంగా ఉంటే చాటు కల్పించాలి.

2. ఖాళీ కాంటా సున్న చూపాలి. కొన్ని గంపలకొకసారి మళ్ళీ చూడాలి.

3. ముద్ర ఉన్న 5 లేదా 10 కిలోల రాయిని పెట్టి చూడాలి. తరువాత దానిని పళ్ళెం నాలుగు మూలలా పెట్టి చూడాలి. ప్రతిచోటా ఒకే అంకె రావాలి. సంఘం తన సొంత రాయిని దగ్గర ఉంచుకోవడం మంచిది.

4. తక్కెడ అయితే రాళ్ళను, సరుకును పళ్ళాలు మార్చి వేసి చూడాలి. ముల్లు మధ్యలో నిలవకపోతే దండి సమంగా లేదని అర్థం.

5. గంప బరువును తడిసిన గంపతోనే తీసివేయాలి. వెదురు గంప నీరు పీల్చి బరువు పెరుగుతుంది. పొడి గంప బరువు తీసివేస్తే కొనేవారికి, ఉన్నదానికంటే ఎక్కువ తీసివేస్తే అమ్మేవారికి నష్టం.

6. గంపను కొద్దిసేపు వంచి నీరు కారనివ్వాలి. నీటి పేరిట లేదా మంచు పేరిట తరుగు అడిగితే, నీరు కారిన తరువాత తూచడమే ఇద్దరికీ న్యాయమైన పరిష్కారం.

7. అంకె నిలిచిన తరువాతనే చదవాలి. గ్రాములతో సహా గట్టిగా చదివి, ఇరువర్గాలూ వేరువేరుగా వ్రాసుకోవాలి.

ముద్ర లేని కాంటాపై లేదా తప్పుడు తూకంపై జిల్లాలోని తూనికలు కొలతల శాఖ అధికారికి ఫిర్యాదు చేయవచ్చును. చిల్లరగా కొనే వినియోగదారులు 1915 నెంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి తెలుపవచ్చును.

ఇవి కూడా చూడండి

త్రాసు
తూనికలు, కొలతలు
కొర్రమీను
గణపసముద్రం
బయ్యారం చెరువు