పట్టు... విడుపు!

బస్తా ఎత్తాలన్నా దించాలన్నా కండరానికి కబురు అందాలి. ఆ కబురు ఎలా వెళ్తుంది? మధ్యలో ఆగిపోతే ఏమవుతుంది? ఈ కథలో మన భీమవరం శాస్త్రవేత్త ఉన్నాడు. విశాఖ తీరంలో పేరు దొరికిన ఓ పామూ ఉంది!

ఉదయం ఎనిమిది గంటలు. గౌలిగూడ. రోడ్డు పక్కన ఆగిన ట్రాలీ ఆటో దగ్గర ఓ హమాలీ వీపు వంచి నిలబడ్డాడు. పైనున్న మనిషి బస్తా జార్చాడు. ఒక్క క్షణం మోకాళ్లు వంగాయి. పిక్కలు బిగిశాయి. నాలుగడుగులు వేసి, దుకాణం అరుగు మీద బస్తా దించేసి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. అంతే!

గౌలిగూడకు బరువులు కొత్త కాదు. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టాక ఈ పేట బస్సులకు పుట్టిల్లయింది. ఇక్కడి పాత రేకుల షెడ్డు కింద ఎన్ని ట్రంకు పెట్టెలు, ఎన్ని బియ్యం మూటలు దిగాయో లెక్కలేదు. 1994లో మూసీ మీద మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ వచ్చాక కూడా సిటీ బస్సులకు నీడనిచ్చిన ఆ షెడ్డు, 2018 జులై 5న ఉన్నట్టుండి కూలిపోయింది. బరువు మోసి మోసి అలసిపోయిందేమో!

సరే, మన హమాలీ దగ్గరికే వద్దాం. బస్తా వీపున పడిన ఆ రెప్పపాటులో ఆయన ఒంట్లో ఏం జరిగింది?

సందు దాటిన కబురు

'బిగించు' అన్న ఆజ్ఞ మెదడులో పుట్టి వెన్నుపాములోకి దిగుతుంది. అక్కడ మరో నరకణం దాన్ని అందుకుంటుంది. ఆ కణం తోక వెన్నుపాము నుంచి పిక్క దాకా ఉంటుంది. ఒకే ఒక్క కణం, దాదాపు మీటరు పొడవు! దాని వెంట కబురు సెకనుకు యాభై మీటర్లకు పైగా పరుగెడుతుంది. గంటకు 180 కిలోమీటర్లన్న మాట. అయితే ఇది తీగలో పారే కరెంటు లాంటిది కాదు. నరం గోడకున్న సన్నని ద్వారాల్లోంచి సోడియం లోపలికి చొరబడుతుంది, వెంటనే పొటాషియం బయటికి వస్తుంది. వరసగా నిలబెట్టిన ఇటుకల్లో మొదటిదాన్ని తోస్తే చివరిది దాకా పడతాయి చూడండి, అలాగన్న మాట.

కానీ చివర్లో ఓ చిక్కుంది. నరం కండరాన్ని తాకదు! మధ్యలో సందు ఉంటుంది. మిల్లీమీటరును ఇరవై వేల ముక్కలు చేస్తే వచ్చే ఒక ముక్కంత. విద్యుత్ కబురు అక్కడ ఆగిపోతుంది. అక్కడినుంచి రసాయనం పని. నరం కొసన సూక్ష్మమైన పొట్లాల్లో అసిటైల్‌కొలీన్ సిద్ధంగా ఉంటుంది. కబురు రాగానే పొట్లాలు పగిలి అది సందులోకి ఒలుకుతుంది. అవతల కండరం మీదున్న తాళాల్లో తాళంచెవిలా దూరుతుంది. కండరంలో మళ్లీ విద్యుత్ పుడుతుంది. లోపలి సంచుల్లో దాచిన కాల్షియం బయటికి దూకుతుంది. అదే అసలు సైగ.

ఇక లాగుడు. కండరంలో రెండు రకాల పోగులుంటాయి... ఆక్టిన్, మయోసిన్. బావిలోంచి చేద లాగేటప్పుడు చేతులు ఏం చేస్తాయి? తాడు పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, మళ్లీ ముందుకు వెళ్లి పట్టుకుంటాయి. మయోసిన్ తలలు ఆక్టిన్‌ను లాగేదీ అచ్చం అలాగే. పోగులు కుంచించుకుపోవు, ఒకదానిలోకి ఒకటి జారతాయి. ఈ సంగతిని 1954లో రెండు బృందాలు 'నేచర్' పత్రిక ఒకే సంచికలో ప్రకటించాయి. తమాషా ఏమిటంటే రెండు బృందాల్లోనూ ఓ హక్స్‌లీ ఉన్నాడు. ఇద్దరికీ చుట్టరికం లేదు!

వదలాలన్నా కావాలి శక్తి

బిగించడానికి శక్తి కావాలంటే ఎవరైనా ఒప్పుకుంటారు. వదలడానికీ కావాలంటే? మయోసిన్ తల ఆక్టిన్‌ను వదలాలంటే ఏటీపీ అనే అణువు వచ్చి అతుక్కోవాలి. కాల్షియాన్ని తోడి మళ్లీ సంచుల్లో పోయడానికీ ఏటీపీయే ఖర్చవుతుంది. చనిపోయాక కొన్ని గంటలకు శరీరం కొయ్యబారేది అందుకే. ఏటీపీ నిండుకుంటుంది. పట్టిన పట్టు విడిపించేవాడు ఉండడు.

ఈ ఏటీపీ వెనక మన మనిషి ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసులో వైద్యం చదివే రోజుల్లో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ దక్కలేదు, చిన్న డిగ్రీతో సరిపెట్టారు. 1922లో బోస్టన్ చేరాడు. చేతిలో డబ్బు లేక రాత్రిపూట ఆస్పత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూ పొట్టపోసుకున్నాడు. తర్వాత హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టాడు. బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఆ ఇద్దరి పేర్లూ జంటగా నేటికీ ఉన్నాయి.

ఆ కొలతే దారి చూపింది. 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. కండరం కదలికకు మూలం లాక్టిక్ ఆమ్లమేనని అప్పటికి లోకం నమ్మకం. ఆ పరిశోధనకు నోబెల్ కూడా ఇచ్చేశారు. సుబ్బారావు, ఫిస్కేల కొలతలు ఆ నమ్మకానికి బీటలు పెట్టాయి. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుక్కున్నాడు. ప్రపంచం ఎక్కువగా తలచేది ఆయన పేరే. మన పాఠ్యపుస్తకాలైనా సుబ్బారావుకు మరో రెండు పేరాలు కేటాయించవచ్చు.

హమాలీ కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ రెండు మూడు సెకన్లకే సరి. బస్తా ఎత్తిన తొలి పది సెకన్లూ దాన్ని మళ్లీ మళ్లీ నింపేది సుబ్బారావు చూపించిన ఆ ఫాస్ఫోక్రియాటినే.

విడుపు లేకపోతే...

గౌలిగూడకు దగ్గర్లోనే ఉస్మానియా ఆస్పత్రి. జిల్లాల నుంచి వచ్చే రోగులకు పెద్ద దిక్కు. ఇందాకటి సందులో చిన్న తేడా వస్తే ఎంత ప్రమాదమో తెలియాలంటే అలాంటి ఆస్పత్రుల్లో అత్యవసర విభాగాల డాక్టర్లను అడగాలి.

సందులో ఒలికిన అసిటైల్‌కొలీన్‌ను వెంటనే ముక్కలు చేసే ఎంజైమ్ ఒకటుంది. పని అయిపోగానే ఊడ్చేసే పనిమనిషి లాంటిది. చేలల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు దాన్నే పట్టేస్తాయి. మొహానికి గుడ్డ లేకుండా, గాలికి ఎదురుగా నిలబడి పిచికారీ చేసే రైతుకు నోట్లో నీళ్లూరతాయి, చెమటలు పోస్తాయి, కంటిపాపలు చిన్నవవుతాయి, కండరాలు అదురుతాయి. కబురు ఆగకుండా మోగీ మోగీ చివరికి కండరం చచ్చుబడుతుంది. ఊపిరి తీసే కండరం కూడా! అట్రోపిన్ ఊపిరితిత్తుల్లో ఊరే నీటిని ఆపుతుంది కానీ, కండరాలకు బలం తేలేదు. అందుకే చాలామందికి వెంటిలేటర్ తప్పదు. మందు పడిన బట్టలు వెంటనే విప్పేసి, ఒళ్లు సబ్బుతో కడిగి ఆస్పత్రికి తరలించాలి.

బంగారు పాము

పాము కథ దీనికి తిరగేసింది. 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉన్న కంపెనీ వైద్యుడు పాట్రిక్ రస్సెల్ పాముల మీద పరిశోధన చేశాడు. మన రక్తపింజరికి ఇంగ్లిషులో ఆయన పేరే. పసుపు, నలుపు పట్టీలున్న ఓ పామును ఇక్కడివాళ్లు 'బంగారు పాము' అంటే, 1796 నాటి తన పుస్తకంలో అలాగే రాసుకున్నాడు. 1803లో ఫ్రెంచి శాస్త్రవేత్త డోడాన్ ఆ జాతికి 'బంగారస్' అని పేరు పెట్టాడు. కట్లపాము కూడా ఆ కుటుంబమే.

1963లో తైవాన్ పరిశోధకులు చాంగ్, లీ అక్కడి కట్లపాము విషంలోంచి ఓ పదార్థం వేరుచేశారు. పేరు... బంగారోటాక్సిన్! అది కండరం మీది తాళాల్లో దూరి కదలకుండా కూర్చుంటుంది. దాన్ని ఎరగా వేసే శాస్త్రవేత్తలు ఆ తాళాలను బయటికి లాగారు. సాయంత్రానికి కనురెప్పలు వాలిపోయే మయస్థీనియా గ్రావిస్ జబ్బును పట్టుకునే రక్తపరీక్షలోనూ దాన్ని వాడారు. ప్రపంచంలో ఏ లేబొరేటరీలో ఆ పేరు పలికినా, అందులో మన 'బంగారు' వినిపిస్తుంది.

కట్లపాము మాత్రం బంగారం కాదు. రాత్రిళ్లు నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాలిపోయే రెప్పలు, మింగుడుపడని గుటక, ముద్దగా వచ్చే మాట. తర్వాత ఊపిరి. గాటు కోయడం, గట్టిగా కట్టు బిగించడం, మంత్రం కోసం తిరగడం... ఇవన్నీ కాలహరణం. 108కు ఫోన్ చేసి, మనిషిని కదలనివ్వకుండా తీసుకెళ్లాలి. ఈ విషం నరం కొసలనే దెబ్బతీస్తుంది. జరిగిన నష్టాన్ని విరుగుడు మందు వెనక్కి తేలేదు. అందుకే ఎంత త్వరగా పడితే అంత మేలు.

ఆలస్యమైతే రోగి కదలడు, పలకడు, కంటిపాప కూడా స్పందించకపోవచ్చు. చూసినవాళ్లు ప్రాణం పోయిందనుకుంటారు. కానీ మెదడు పనిచేస్తూనే ఉంటుంది, మాటలు వినపడుతూ ఉండవచ్చు. అందుకే మంచం పక్కన ఏడుపులు వద్దు, ధైర్యం చెప్పండి. వెంటిలేటర్ ఊపిరి పోస్తుంటే, నరాల కొసలు మళ్లీ మొలుచుకొస్తాయి. కొన్నిరోజులకు వేలు కదులుతుంది, రెప్ప లేస్తుంది.