వ్యూహప్రశ్నకు సాధన

ప్రొడక్ట్ మేనేజరు పదవిని ఆశించి ఇంటర్వ్యూలకు సిద్ధపడు మన యువతీయువకులు, బాపట్ల ఇంజనీరింగు కళాశాలనుండి వచ్చినవారు గాని, తెనాలికి చేరువనున్న వడ్లమూడిలో చదివినవారు గాని, ప్రోగ్రాము వ్రాయుమన్నప్పుడు తడబడనివారే, “బస్సు టిక్కెట్లమ్ము సంస్థ రైలు టిక్కెట్ల వ్యాపారములోనికి దిగవలెనా?” అని అడిగినంతనే మౌనము వహించుట కలదు. ఆ ప్రశ్నకు సర్వసమ్మతమైన సమాధానము లేదు. అడుగువారు కోరునది ఒక నిర్ణయమును, దానికి దారితీసిన హేతుపరంపరను మాత్రమే. ఇది గ్రహింపక పలువురు, మైకేల్ పోర్టరు 1979లో ప్రకటించిన అయిదు శక్తుల సిద్ధాంతమును కంఠస్థము చేసి వరుసగా ఏకరువు పెట్టుదురు. సిద్ధాంతము గొప్పదే, కాని వ్యాపారము తెలియనివానికి అది శూన్యమైన పట్టిక. సాధనను ఊరెరిగిన వ్యాపారముతోనే ఆరంభింపవలెనని నా దృఢమైన అభిప్రాయము. తెనాలి, బాపట్ల, రేపల్లె వాసులకు హైదరాబాదు ప్రయాణమును మించిన పాఠ్యవస్తువు అక్కరలేదు.

2005 దీపావళికి బెంగుళూరునుండి ఇంటికి పోవుటకు బస్సు టిక్కెట్టు దొరకక నిరాశచెందిన తెలంగాణ యువకుడు ఫణీంద్ర సామ, తనవలెనే బిట్స్ పిలానీలో చదివిన సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కూడి 2006లో రెడ్‌బస్‌ను స్థాపించిన వృత్తాంతము సుప్రసిద్ధము. దానియందు అభ్యర్థి నిలిచి ఆలోచింపవలసిన ఘట్టము వేరొకటి కలదు. ఆనాడు ఒక్కొక్క బస్సు యజమానియు తన సీట్లను ఏజెంట్లకు కోటాలుగా పంచి, లెక్కను కాగితముపైనను టెలిఫోనుపైనను నడుపుచుండుటచేత, ఏ బస్సులో ఏ సీటు మిగిలినదో ఒక్కచోట తెలిసికొను మార్గము లేకుండెను. మిత్రులు మొదట యజమానులకొరకే సాఫ్ట్‌వేరు నిర్మించి యివ్వజూపిరి, వారు స్వీకరింపలేదు. అప్పుడు మార్గము మార్చి, యజమానులిచ్చిన కొద్దిపాటి సీట్లనే ప్రయాణికులకు అమ్మసాగిరి. అమ్మకము కనబడి నమ్మకము కుదిరిన పిమ్మట సాఫ్ట్‌వేరు యజమానుల కార్యాలయములలో ప్రవేశించినది. ఎవరికి ముందు లాభము చూపిన రెండవవారు తామై వచ్చెదరు? ఇరుపక్షములను కలుపు ప్రతి వ్యాపారమునందును ఈ ప్రశ్నయే ప్రాణము. ఇంటర్వ్యూలో దీనిని స్వయముగా లేవనెత్తగలవాడు సగము పని ముగించినట్లే.

ఇక రేపల్లెలో బయలుదేరి తెనాలి మీదుగా హైదరాబాదు వైపు సాగు డెల్టా ఎక్స్‌ప్రెస్సును చూడుడు. ప్రయాణికుడు వాడే, పోవు నగరమును అదే. ఐనను సీట్లన్నింటికి యజమాని ఒక్కడే, రైల్వేశాఖ. 2002నుండి ఐ.ఆర్.సి.టి.సి. ఆ సీట్లను ఇంటర్నెట్టులో అమ్ముచున్నది. చెల్లాచెదరుగా నున్న సీట్లను ఒక్కచోట చూపుటయే మధ్యవర్తి బలమైనచో, ఇచ్చట ఆ బలమునకు తావెక్కడ? తన సొంత ఆన్‌లైను బుకింగుగల ఆర్టీసీ యీ రెంటికి నడుమ నిలుచును: పెద్ద యజమానియే, కాని ప్రైవేటు బస్సులతో పోటీ తప్పనిది. యజమానుల సంఖ్య మారినంతమాత్రమున బేరమాడు శక్తి యెవరిచేతికి పోవునో ఈ మూటిని పోల్చినవానికి పోర్టరు సిద్ధాంతము వల్లెవేయకయే బోధపడును.

వ్యూహమునకు రెండవ ముఖము పరిత్యాగము. ఏమి చేయరాదో ఎంచుకొనుటయే వ్యూహసారమని పోర్టరే 1996 నాటి వ్యాసములో వాదించెను. హైదరాబాదువాసియై ఉస్మానియాలో ఇంజనీరింగు చదివిన శంతను నారాయణ్ నాయకత్వమున అడోబీ సంస్థ, తన క్రియేటివ్ సూట్‌ను ఒక్కసారి వెలకు అమ్ము పద్ధతిలో ఇకపై కొత్త వెర్షన్లుగా వెలువరింపనని 2013 మేలో ప్రకటించి, చందా పద్ధతికి మరలినది. 2012లో సుమారు 440 కోట్ల డాలర్లుగా నున్న రాబడి 2013లో సుమారు 405 కోట్లకు దిగి, 2015 నాటికి దాదాపు 480 కోట్లకు చేరినది. ఆ మధ్యకాలపు నష్టమును ముందుగనే అంగీకరించుట యందే ఆ నిర్ణయపు గాంభీర్యము కలదు. లాభములు మాత్రమే చెప్పి నష్టమును దాచు సమాధానము, అనుభవజ్ఞుడైన పరీక్షకుని యెదుట నిలువజాలదు.

మొదటి ప్రశ్నకు మరల వత్తము. రెడ్‌బస్ 2022లో ఐ.ఆర్.సి.టి.సి. భాగస్వామిగా రైలు టిక్కెట్ల అమ్మకమునకు దిగినది. దిగినది గనుక సరియని చెప్పుట సమాధానము కానేరదు. రైలు టిక్కెట్టుపై మిగులు స్వల్పమైనను, తెనాలిలో వెయిటింగ్ లిస్టులో చిక్కిన ప్రయాణికునికి అదే తెరపై అదే రాత్రి బస్సును చూపవచ్చునని అభ్యర్థి వాదింపవచ్చును. వాదించి, అట్టివారిలో ఎందరు నిజముగా బస్సెక్కుదురో లెక్కింపుమని తానే కోరవలెను; ఆ లెక్క అత్యల్పముగా తేలినచో తన నిర్ణయమును ఉపసంహరించుకొందునని కూడ చెప్పవలెను.