కొత్త కాపురం... ఏ మొహల్లాలో?

పెళ్ళి సంబంధం చూసేటప్పుడు మన పెద్దలు ఎంత విచారిస్తారో అందరికీ తెలిసిందే. అబ్బాయి నడవడిక, అమ్మాయి చదువు, ఇరువైపుల ఖాందాన్, చివరకు దూరపు బంధువుల సంగతి కూడా ఆరా తీస్తారు. అదే జంట బదిలీ మీదనో, కొత్త ఉద్యోగం మీదనో మరో ఊరికి కాపురం వెళ్ళవలసి వస్తే మాత్రం ఆ విచారణ ఒక్క ఆదివారంతో ముగిసిపోతుంది. బ్రోకరు వెంట నాలుగిళ్ళు తిరుగుతారు. 'అద్దె ఎంత? నీళ్ళు వస్తాయా?' అని రెండు ప్రశ్నలు అడుగుతారు. అడ్వాన్సు ఇచ్చి తాళంచెవి తీసుకుంటారు.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం అడవి అంచు దాకా ఏటా ఎందరో దంపతులు ఇలాగే వస్తుంటారు. సింగరేణి ఉద్యోగులు, సారపాక కాగితం మిల్లులో పనిచేసేవారు, ఏజెన్సీ బడుల ఉపాధ్యాయులు, ఆసుపత్రి నర్సులు, చిన్న వ్యాపారాలు పెట్టుకునేవారు వీరిలో ఉంటారు. ఇలాంటి వారు ఇల్లు చూసే ముందు మూడు విషయాలు విచారించడం అవసరం. అవి నీరు, కాగితం, పొరుగు. ఈ మూడూ తెలిసేదాకా, కనీసం ఒక వానాకాలం గడిచేదాకా, ఆ ఊళ్ళో సొంత ఇంటి మాట తలపెట్టకుండా అద్దెకు ఉండడమే మేలు.

నీళ్ళు ఎంతదాకా వచ్చాయి?

ఏ ఊళ్ళో కాపురముండాలో చెబుతూ సుమతీ శతకకారుడు ఎండని ఏరు ఉన్న ఊరిని మంచి ఊరుగా లెక్కించాడు. ఆ మాట నిజమే. అయితే మన ప్రాంతంలో 'నీళ్ళు వస్తాయా?' అని అడిగితే చాలదు. 'నీళ్ళు ఎంతదాకా వచ్చాయి?' అని కూడా అడగాలి.

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు చేరింది. 1990 ఆగస్టులో 70.8 అడుగులు. ఇక అంత వరద రాదులే అని జనం మరచిపోతున్న సమయంలో 2022 జూలై 16న 71.3 అడుగులకు వచ్చింది. అప్పుడు వంతెన మీద రాకపోకలు కూడా ఆపివేశారు.

ఊరికి కరకట్ట ఉంది కదా అని కొందరు ధైర్యం చెబుతారు. కరకట్ట నదిని ఆపుతుంది, సందేహం లేదు. కానీ నది నిండుగా ఉన్నప్పుడు కట్టకున్న తూములు మూసివేయవలసి వస్తుంది. అప్పుడు ఊరిలో కురిసిన వాన నీరు నదిలోకి వెళ్ళే దారి లేక లోపలే నిలిచిపోతుంది. మోటార్లు పెట్టి తోడాలి. కనుక కట్టకు లోపల ఉన్నంత మాత్రాన పల్లపు వీధి మెరక వీధి అయిపోదు.

ఖమ్మంలో మున్నేరు సంగతి మరొక రకం. అక్కడ 16 అడుగులకు మొదటి హెచ్చరిక, 24 అడుగులకు రెండవ హెచ్చరిక. 2023 జూలైలో మున్నేరు 30 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరు 1న 36 అడుగులకు చేరింది. బొక్కలగడ్డ, మోతీనగర్, వెంకటేశ్వరనగర్, ప్రకాష్ నగర్ వంటి కాలనీల్లో ఇళ్ళు నీట మునిగాయి. పై నుంచి గోదావరి వస్తున్నదంటే సామాన్లు సర్దుకోవడానికి ఒకటి రెండు రోజుల వ్యవధి ఉంటుంది. మున్నేరు గంటల్లోనే పెరుగుతుంది. నిద్ర లేచేసరికి వాకిట్లో నీళ్ళుంటాయి.

మరొక సంగతి గమనించండి. పైన చెప్పిన వరదలన్నీ జూలైకి, సెప్టెంబరు తొలి రోజుకు మధ్య వచ్చినవే. మనం ఇల్లు వెతికేదేమో మే, జూన్ నెలల్లో, బదిలీలు జరిగి బడులు తెరిచే కాలంలో. అప్పుడు గోదావరిలో ఇసుక తిన్నెలు కనిపిస్తుంటాయి, మున్నేరు పాయలుగా సన్నబడి ఉంటుంది. గోడలకు కొత్త సున్నం వేసి ఉంటుంది. ఏటి పక్క ఇంటికి అద్దె కూడా తక్కువ. చల్లగాలి వస్తుందని ఇంటివారు చెబుతారు. అదీ నిజమే!

కాబట్టి ఇంటి యజమానిని కాదు, ఆ వీధి చివరి కిరాణా కొట్టు వారిని అడగండి. ఇస్త్రీ బండి వారిని, మసీదు మౌజన్ సాబ్‌ను అడగండి. 2022లో, 2024లో ఈ వీధిలో ఏ మెట్టు దాకా నీళ్ళు వచ్చాయని అడిగితే వారు చెయ్యి పెట్టి చూపిస్తారు. ఉద్యోగం ఏటికి ఏ ఒడ్డున ఉందో కూడా చూసుకోండి. భర్తకు సారపాకలో పని, కాపురం భద్రాచలంలో అయితే వంతెన మూసిన రోజున ఇద్దరూ చెరో ఒడ్డున చిక్కుకుంటారు. భార్య నెలలు నిండిన మనిషైతే ఆసుపత్రి ఉన్న ఒడ్డునే ఉండడం క్షేమం.

కాగితం ఎవరి పేర?

అద్దె ఇంట్లో స్థిరపడ్డ ఏడాదికే ఎవరో ఒకరు వచ్చి 'ఎన్నాళ్ళీ అద్దెలు? చవకలో జాగా ఉంది, తీసుకోండి' అంటారు. ఇక్కడ ఆగి ఆలోచించాలి.

భద్రాచలం షెడ్యూల్డు ప్రాంతం. ఇలాంటి ప్రాంతాల్లో భూమి చేతులు మారడంపై 1959 నాటి నిబంధన ఒకటి ఉంది. 1970లో దానిని మరింత గట్టిగా సవరించారు. వాడుకలో దీన్నే '1/70 చట్టం' అంటాం. దీని ప్రకారం ఇక్కడి స్థిరాస్తిని గిరిజనులకో, గిరిజనుల సహకార సంఘాలకో తప్ప మరెవరికీ బదలాయించడానికి వీల్లేదు. అమ్మేవాడు గిరిజనేతరుడైనా సరే, కొనేవాడు గిరిజనేతరుడైతే ఆ అమ్మకం చెల్లదు. అమ్మకమే కాదు, దానం, తనఖా, లీజు పత్రాలు కూడా దీని పరిధిలోకే వస్తాయి. పైగా గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుల నుంచి వచ్చిందేనని చట్టం ముందుగానే భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవలసిన భారం అతనిదే. ఈ చట్టం చెల్లుతుందని 1988లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

అయినా 'అందరూ కొంటున్నారు, మీకే ఎందుకు భయం?' అనేవారు ఉంటారు. నోటరీ చేయిస్తామంటారు, సాదా బైనామా రాయిస్తామంటారు. అదీ కాకపోతే ఎవరో ఒక గిరిజనుని పేర పెట్టి మీరు అనుభవించండి అంటారు. ఆ కాగితం మీద బ్యాంకు ఇంటి అప్పు ఇవ్వదు. రేపు వివాదం వస్తే ఏ కచేరీలోనూ అది నిలవదు. ఎవరి పేర పెట్టారో అతను అడ్డం తిరిగితే అడగడానికి నోరుండదు. అమ్మాయి నగలు అమ్మి, అబ్బాయి పీఎఫ్ తీసి పెట్టిన సొమ్ము గోదాట్లో కలిసినట్టే!

ఇది కేవలం నష్టభయంతో చెప్పే మాట కూడా కాదు. అప్పులిచ్చిన షావుకార్లకు, పైనుంచి వచ్చి స్థిరపడినవారికి కోయలు, కొండరెడ్లు తమ భూములు పోగొట్టుకున్నందువల్లే ఈ చట్టం అవసరమైంది. వారి హక్కును చాటుమాటు కాగితంతో దాటి కట్టుకున్న ఇంట్లో మన కాపురం ఎంత బరకత్‌తో సాగుతుందో ఎవరికి వారు ఆలోచించుకోవాలి. సొంత ఇల్లు కావాలనే కోరిక తప్పు కాదు. ఏజెన్సీలో ఉద్యోగం చేసినన్నాళ్ళు అద్దెకు ఉండి, షెడ్యూల్డు ప్రాంతం కాని ఖమ్మం పట్టణంలాంటి చోట కొనుక్కోవచ్చు. అక్కడ కూడా నీటి ప్రశ్న అడిగిన తరువాతే!

భద్రాచలంలో ఇల్లు వెతికేవారికి మరొక చిక్కు ఉంది. 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం పాత ఖమ్మం జిల్లా మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అప్పుడు భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో ఉండిపోయింది. దాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల వంటి గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. నడిచి వెళ్ళేంత దూరంలో రాష్ట్రం మారిపోతుంది. ఊరి అంచున అద్దె తక్కువని ఇల్లు తీసుకుంటే రేషన్ కార్డు ఒక రాష్ట్రంలో, ఉద్యోగం మరొక రాష్ట్రంలో అవుతాయి. ఈ రోజు పుట్టిన బిడ్డ రేపు ఏ రాష్ట్రపు బడిలో చదివాడన్న దానిపై అతని స్థానికత ఆధారపడుతుంది. కనుక ఇల్లు ఏ పంచాయతీలో ఉందో అడిగి తెలుసుకోండి.

పడోసీ ఎవరు?

ఇక మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఉదయం భర్త డ్యూటీకి వెళితే సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఉండేది, ఆ వీధిలో మసలేది చాలా ఇళ్ళలో భార్యే. అయినా ఇల్లు చూడడానికి ఆమెను వెంట తీసుకువెళ్ళనివారు ఇంకా ఉన్నారు. 'నేను చూశానుగా, బాగానే ఉంది' అంటారు. ఆమె వచ్చి చూస్తే వేరే సంగతులు కనిపిస్తాయి. చీకటి పడ్డాక ఆ సందులో దీపం ఉందా? బస్సు దిగి ఒంటరిగా నడిచి రాగలదా? పిలిస్తే పలికే ఆడమనిషి పక్కింట్లో ఉన్నదా? ఆమె కూడా ఉద్యోగస్తురాలైతే ఆమె పనిచేసే చోటు ఎంత దూరం? ఇద్దరూ చూసి, ఇద్దరూ సరేనన్న ఇంట్లోనే ఇద్దరికీ మనసు నిలుస్తుంది.

మన కుటుంబాలు మరొక మాట అడుగుతాయి. మనవాళ్ళున్న మొహల్లాలోనే ఉండాలా అని. మసీదు దగ్గరుండడం, పిల్లలకు మక్తబ్ అందుబాటులో ఉండడం, పండుగనాడు తోడుండడం మంచిదే. అత్తమామలకూ, తల్లిదండ్రులకూ అదొక నిశ్చింత. ఖమ్మంలోనో, కొత్తగూడెంలోనో అలా కోరుకోవడానికి వీలుంటుంది. అడవి అంచు పల్లెల్లో ముస్లిం ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి. ఆ కారణంగా ఉద్యోగం వదులుకోనక్కర లేదు. మనవాళ్ళ మధ్య ఉండాలని పల్లపు నేలలో దిగనూ కూడదు. పొరుగువారి పట్ల మంచిగా మెలగమని ఆదేశించిన సూరా నిసా 36వ ఆయత్ బంధువైన పొరుగువాడితో ఆగలేదు. పరాయి పొరుగువాడిని కూడా పేర్కొన్నది.

అద్దె ఇల్లు ఖాళీగా ఉన్నదని చెప్పి, పేరు వినగానే 'మా చుట్టాలు వస్తున్నారు' అనేవారు కొన్నిచోట్ల తారసపడతారు. మనసు నొచ్చుకోవడం సహజం. దానికి మందు పేరు దాచడం కాదు. మొదటి మాటలోనే పేరు చెప్పి, ఇష్టమైనవారి ఇంట్లోనే దిగడం మర్యాద. ఆలయమున్న ఊరు కదా, మనకు ఇల్లెవరిస్తారని భద్రాచలం రావడానికి సంకోచించే దంపతులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఏటా శ్రీరామనవమికి ప్రభుత్వం పంపే ముత్యాల తలంబ్రాల ఆనవాయితీ గోల్కొండ సుల్తాను తానీషా నాటిదని ఆ ఊరివారే చెప్పుకుంటారు.

ఇక 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో జరిగింది చూడండి. ప్రకాష్ నగర్ వంతెన మీద తొమ్మిది మంది మున్నేరు వరదలో చిక్కుకుపోయారు. వాతావరణం బాగోలేక హెలికాప్టరు రాలేదు. అప్పుడు జేసీబీతో ఆ నీళ్ళలోకి వెళ్ళి వారిని తీసుకువచ్చినవాడు సుభాన్ ఖాన్. హర్యానా నుంచి బతుకుతెరువు కోసం వచ్చిన డ్రైవరు! ఆ తొమ్మిది మందికి అతను చుట్టమూ కాదు, ఊరివాడూ కాదు. కష్టంలో ఉన్నవారి పొరుగున ఆ రోజు అతనున్నాడు, అంతే.

కనుక ఇల్లు ఖాయం చేసుకున్న తొలి వారంలోనే దంపతులిద్దరూ చుట్టుపక్కల నాలుగిళ్ళకు వెళ్ళి పరిచయం చేసుకోండి. హైదరాబాదు వైపు నుంచి ఉర్దూ మాత్రమే వచ్చిన కోడలైతే తెలుగులో పలకరించడం నేర్చుకోవాలి. కోయ పొరుగువారుంటే వారి భాషలో నాలుగు మాటలు నేర్చుకున్నా తప్పులేదు. సొంత ఊరి ఫోన్ నెంబర్లతో పాటు పక్కింటివారి నెంబరు కూడా గోడ మీద రాసి పెట్టుకోండి. ఆ ఊళ్ళో మొదటి వానాకాలాన్ని కళ్ళారా చూడండి. వీధిలో నీళ్ళు నిలిచిన రాత్రి ఎవరు తలుపు తట్టారో, మీరు ఎవరి తలుపు తట్టగలిగారో అప్పటికి తెలుస్తుంది. ఆ తరువాత అదే మొహల్లాలో ఉండాలా, మరోచోటు చూసుకోవాలా అన్నది ఇద్దరూ కూర్చొని నిర్ణయించుకోవచ్చు, ఇన్షా అల్లాహ్.